తీరసముద్రపు లోతు: ఉపగ్రహం చెప్పేదెంత?

(బేర్ సరాయ్‌లోని తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హిందీలో 'బేర్' అంటే రేగు, 'సరాయ్' అంటే బాటసారులు విడిసే సత్రం. దక్షిణ ఢిల్లీలోని ఈ పేట పేరుకు తగినట్లు నేటికీ సత్రంగానే ఉన్నది. పై చదువులకు, పోటీ పరీక్షలకు దేశం నలుమూలల నుంచి వచ్చిన యువతీయువకులు ఈ ఇరుకు గదులలో రెండు మూడేళ్ళు గడిపి, ఇక్కడి దుకాణాలలో పుస్తకాలు కొని, చదువు ముగియగానే తమ దారిన తాము పోతారు. కాకినాడ, మచిలీపట్నం, భీమునిపట్నం ప్రాంతాల నుంచి వచ్చినవారు సముద్రానికి చాలా దూరం వచ్చామని అనుకోవడం సహజం. కాని ఈ పేటకు పొరుగుననే ఉన్న ఢిల్లీ ఐ.ఐ.టి.కీ ఆంధ్ర తీరానికీ ఒక గట్టి సంబంధం ఉన్నది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచివేసిన ఉప్పెన పదివేల మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. ఆ ఉప్పెన ఎలా లేచిందో, ఎక్కడ ఎంత ఎత్తున తీరాన్ని తాకిందో గణిత సమీకరణాలతో తిరిగి కట్టి చూపే పని ఆ తరువాతి సంవత్సరాలలో జరిగింది. ఎస్.కె. దూబే, యు.సి. మహంతి, పి.సి. సిన్హా అనే శాస్త్రవేత్తలు బ్రిటన్‌కు చెందిన బి. జాన్స్‌తో కలిసి వ్రాసిన వ్యాసం 1981లో రాయల్ మెటియొరొలాజికల్ సొసైటీ త్రైమాసిక పత్రికలో వెలువడింది. ఉప్పెనను ముందుగా అంచనా వేయడానికి ఢిల్లీ ఐ.ఐ.టి.లో రూపొందిన నమూనాలు ఆ తరువాత మన వాతావరణ శాఖకు ఉపకరించాయి. సముద్రం కనిపించని చోట కూర్చుని సముద్రాన్ని లెక్కించిన పని అది.

ఆ లెక్కలో గాలి వేగం, తుఫాను నడిచే దారి, వాయుపీడనం అనే మూడింటితో పాటు నాలుగవది ఒకటి ఉన్నది. దాని మాట పత్రికలలో అరుదుగా వస్తుంది. అదే తీరం దగ్గర సముద్రపు లోతు.

తుఫాను గాలి నీటిని తీరం వైపు నెడుతుంది. లోతైన సముద్రంలో అలా నెట్టబడిన నీరు అడుగు నుంచి వెనుకకు మరలిపోవడానికి చోటు ఉంటుంది. లోతు తక్కువైన కొద్దీ ఆ చోటు తరిగిపోతుంది. ఒకే గాలి, ఒకే దూరం వీచినప్పుడు ఇరవై మీటర్ల లోతున నీటి మట్టం ఎంత ఏటవాలుగా లేస్తుందో, పది మీటర్ల లోతున దానికి రెట్టింపు ఏటవాలుగా లేస్తుంది. అయిదు మీటర్ల లోతున మరొక రెట్టింపు. లోతు తక్కువైన నిజాంపట్నం అఖాతం వంటి చోట్ల ఉప్పెన భయం ఎక్కువ కావడానికి ఇది ముఖ్య కారణం. కనుక తీరం దగ్గరి లోతు అంకె తప్పయితే, ఎన్ని గ్రామాలు ఖాళీ చేయించాలి, ఏ గ్రామాన్ని వదలివేయవచ్చు అనే నిర్ణయం కూడా తప్పు కావచ్చు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత, 2007లో హైదరాబాద్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. దాని లెక్కలకు కూడా ఇదే అంకె కావాలి.

ఆ అంకె ఎక్కడ దొరుకుతుంది? నౌకాపటాలలో. మన దేశపు నౌకాపటాలను తయారుచేసే జాతీయ జలమాపన కార్యాలయం దెహరాదూన్‌లో ఉన్నది. అదీ హిమాలయ పాదాల చెంత, కడలికి కడు దూరాన! అయితే అక్కడ గీసే పటంలోని ప్రతి అంకె వెనుక ఒక ఓడ ఉన్నది, ఓడలో ఎకో సౌండర్ ఉన్నది, ఎండలో వానలో సముద్రం మీద తిరిగిన మనుష్యులు ఉన్నారు. 2024 ఫిబ్రవరి 3న విశాఖపట్నంలో నౌకాదళంలో చేరిన కొత్త 'సంధాయక్' అటువంటి సర్వే నౌకే. ఓడ అడుగు నుంచి ధ్వనిని పంపి, అది సముద్రపు అడుగును తాకి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి లోతు లెక్కకట్టడం దాని పద్ధతి.

చిక్కు ఏమిటంటే, పెద్ద ఓడ లోతు తక్కువైన చోటికి రాలేదు. అక్కడ చిన్న పడవలతో కొలవాలి. అలలు విరిగే చోట పడవ నిలవదు. పైగా తక్కువ లోతులో ధ్వని కిరణం పరచుకునే వెడల్పు కూడా తక్కువ కనుక, పొలం దున్నినట్లు అదే నీటిలో పదే పదే తిరగవలసి వస్తుంది. అందువల్ల తీరరేఖకూ, ఓడలు కొలిచిన ప్రాంతానికీ నడుమ ఒక ఖాళీ పట్టీ మిగిలిపోతుంటుంది. ఉప్పెన లెక్కకు అత్యవసరమైన అంకెలు సరిగ్గా ఆ ఖాళీ పట్టీలోనే ఉన్నాయి! ఉపగ్రహం వైపు శాస్త్రజ్ఞులు చూడటానికి కారణం ఇదే.

లోతును మానవుడు మొదట తన దేహంతోనే కొలిచాడు. తెలుగులో 'నిలువు లోతు' అంటే మనిషి నిలువెత్తు మునిగే లోతు. హిందీలో దానికి సరితూగే మాట 'పుర్సా'. అదీ పురుష ప్రమాణమే. చేతులు రెండూ చాచిన దూరం తెలుగులో 'బార'. ఆంగ్ల నావికుల 'ఫాథమ్' కూడా మొదట చాచిన చేతుల కొలతే. తాడు లాగుతూ బారలు లెక్కపెట్టుకునే జాలరికీ, సీసపు గుండు కట్టిన తాడును ఓడ మీద నుంచి దించే నావికునికీ కొలబద్ద ఒక్కటే అయింది. ఇక 'అగాధం' అనే మాటలోనే ఒక శాస్త్ర సత్యం ఇమిడి ఉన్నది. సంస్కృతంలో 'గాధం' అంటే అడుగు అందేది, అగాధం అంటే అడుగు అందనిది. హిందీలో 'థాహ్', 'అథాహ్' అనే జంట చెప్పేది కూడా ఇదే. ఉపగ్రహ పద్ధతి అంతా గాధమైన నీటికి సంబంధించినది. కాంతికి అడుగు అందనంత లోతున అది పనిచేయదు.

ఇక కాంతి సంగతి. ఉపగ్రహం తీసే చిత్రానికి సూర్యుని వెలుగే ఆధారం. ఆ వెలుగు నీటిలోకి దిగి, అడుగున ఉన్న ఇసుకను తాకి, తిరిగి పైకి వచ్చి, వాతావరణాన్ని దాటి ఉపగ్రహాన్ని చేరుతుంది. నీరు అన్ని రంగులనూ సమానంగా మింగదు. ఎరుపును త్వరగా మింగుతుంది, ఆకుపచ్చను నిదానంగా, నీలిని ఇంకా నిదానంగా మింగుతుంది. అయిదు మీటర్ల లోతున్న నిర్మల జలంలో ఎరుపు కాంతి అడుగుకు పోయి తిరిగి వచ్చేసరికి నూటికి మూడు నాలుగు పాళ్ళు మాత్రమే మిగులుతుంది. ఆకుపచ్చ సగానికి కొంచెం పైగా, నీలి పదింట తొమ్మిది పాళ్ళు మిగులుతాయి. ఒడ్డున తెల్లగా కనిపించే ఇసుక, కొంత లోపలికి పోగానే లేత ఆకుపచ్చగా, ఆపైన నీలంగా, చివరకు నల్లని నీలంగా మారడానికి కారణం ఇదే. సముద్రతీరాన పుట్టిన పిల్లవానికి ఈ రంగుల వరుస పాఠం చెప్పనవసరం లేదు. ఆ పిల్లవాని అనుభవాన్ని అంకెలలోకి మార్చడమే శాస్త్రజ్ఞులు చేసిన పని.

దీనిని పెద్ద ఎత్తున పరీక్షించినది 1975లో. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, ఫ్రాన్సు దేశపు సముద్రాన్వేషకుడు జాక్ కూస్తో కలిసి బహామా దీవుల వద్ద, ఫ్లోరిడా తీరాన ఒక ప్రయోగం చేశారు. పైన లాండ్‌శాట్ ఉపగ్రహాలు పోతుండగా, కింద 'కాలిప్సో' అనే కూస్తో ఓడ నుంచి నీటి లోతునూ, నీటి నిర్మలత్వాన్నీ, అడుగు ఇసుక ప్రకాశాన్నీ కొలిచారు. స్ఫటికం వంటి ఆ నీటిలో 22 మీటర్ల వరకు లోతును ఉపగ్రహ చిత్రం నుంచి చెప్పవచ్చునని తేలింది. నాటి లాండ్‌శాట్‌కు నీలిరంగు పట్టీయే లేదు. ఆకుపచ్చతోనే ఇంత సాధించారు. దాని చిత్రంలో ఒక్కొక్క చుక్క నేల మీద సుమారు ఎనభై మీటర్ల చోటుకు సమానం.

ఆ ప్రయోగంలో గమనించవలసినది 22 మీటర్ల అంకె కంటె కాలిప్సో ఓడ. ఉపగ్రహం లోతును కొలవలేదు. అది వెలుగును మాత్రమే కొలిచింది. ఫలానా వెలుగు అంటే ఫలానా లోతు అని చెప్పినది నీటి మీద ఉన్న ఓడ. ఈ వ్యత్యాసాన్ని మరచిపోతే తరువాత వచ్చే మాటలన్నీ అపార్థమవుతాయి.

1978లో డేవిడ్ లైజెంగా అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఈ సంబంధాన్ని సులభమైన రూపంలోకి తెచ్చాడు. లోతు పెరిగే కొద్దీ కాంతి గుణశ్రేఢిలో తగ్గుతుంది గనుక, కాంతి విలువకు సంవర్గమానం తీసుకుంటే అది లోతుతో పాటు సరళరేఖలో నడుస్తుంది. ఇంటర్మీడియట్ చదివినవారికి కూడా అందే గణితమిది. తెలిసిన లోతులు కొన్ని తీసుకుని ఆ సరళరేఖను నిర్ణయించి, తెలియని చోట్ల దానితో లోతు చెప్పవచ్చు. తెలిసిన లోతులలో కొన్నింటిని పక్కన దాచిపెట్టి, చివరకు వాటితో ఫలితాన్ని సరిపోల్చి చూడటం నిజాయితీ గల పద్ధతి.

అయితే అడుగు అంతటా ఒకే తెల్లని ఇసుక ఉండదు గదా! నాచు పెరిగిన చోట అడుగు నల్లగా ఉంటుంది. ఆ నలుపును యంత్రం లోతు అనుకుంటుంది. ఈ పొరపాటును తగ్గించడానికి 2003లో రిచర్డ్ స్టంఫ్, ఆయన సహచరులు హవాయి వాయవ్య దీవుల పగడపు దిబ్బల వద్ద పనిచేస్తూ మరొక ఉపాయం చూపారు. ఒక్క రంగు వెలుగును కాక, నీలి, ఆకుపచ్చ పట్టీల సంవర్గమానాల నిష్పత్తిని తీసుకున్నారు. అడుగు నల్లబడితే రెండు రంగులూ ఇంచుమించు ఒకే తీరున తగ్గుతాయి కనుక నిష్పత్తి పెద్దగా మారదు. లోతు పెరిగితే ఆకుపచ్చ ముందుగా తగ్గి నిష్పత్తి మారుతుంది. ఇప్పటికీ ఎక్కువమంది అనుసరిస్తున్న సూత్రం ఇదే.

మన దేశం 1988 మార్చి 17న బైకనూర్ నుంచి ప్రయోగించిన ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహపు కెమెరాలకు నీలి పట్టీ ఉన్నది. 1995లో వచ్చిన ఐ.ఆర్.ఎస్.-1సి లోని లిస్-3 కెమెరాకు అది లేదు. పంటలు, అడవులు, భూవనరులను చూచే కెమెరాకు అది లోపం కాకపోవచ్చు గాని, లోతు చూడదలచిన వారికి లోటే. 1999లో వెళ్ళిన ఓషన్‌శాట్‌కు నీలి పట్టీలు ఉన్నా, దాని చిత్రంలో ఒక చుక్క 360 మీటర్లు. తీరపు ఖాళీ పట్టీకి అది మరీ ముతక. నేడు ఐరోపా సెంటినెల్-2 ఉపగ్రహాలు పది మీటర్ల చుక్కతో, నీలి పట్టీతో తీసే చిత్రాలు ఉచితంగా లభిస్తున్నాయి. రెండు ఉపగ్రహాలు కలిసి అయిదు రోజులకొకసారి అదే చోటికి తిరిగి వస్తాయి.

ఇంతవరకు విన్న కథ బహామా, హవాయి దీవుల కథ. మన లక్షదీవులలోని పగడపు సరస్సులకూ, అండమాన్ దీవులకూ కూడా అది చక్కగా వర్తిస్తుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగు జాలరుల కుటుంబాలు అండమాన్‌లో ఎన్నో ఉన్నాయి. 2004 భూకంపంతో ఆ దీవుల చుట్టూ లోతులే మారిపోయాయి. ఉత్తర అండమాన్ వైపు నేల మీటరుకు పైగా పైకి లేచింది. దక్షిణాన గ్రేట్ నికోబార్‌లోని ఇందిరా పాయింట్ వద్ద నేల కుంగి, దీపస్తంభం మొదలు నీట మునిగింది. భూకంపానికి ముందు, తరువాత తీసిన ఉపగ్రహ చిత్రాలను ఆటుపోట్ల లెక్కతో సరిపోల్చి, ఏ దిబ్బ ఎంత లేచిందో, ఏది ఎంత మునిగిందో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. ఓడలతో కొలవాలంటే ఏళ్ళు పట్టే పని అది.

ఇక గోదావరి ముఖద్వారానికి రావాలి. కథ ఇక్కడ అడ్డం తిరుగుతుంది.

కాకినాడ అఖాతాన్ని సముద్రం నుంచి కాపాడే హోప్ ఐలండ్, నది తెచ్చిన ఒండ్రు, తీరం వెంట నడిచే ఇసుక కలిసి గత రెండు శతాబ్దాలలో పేర్చిన పొడవైన ఇసుక దిబ్బ. నీటి కిందనూ అదే ఒండ్రు. వర్షకాలంలో గోదావరి వరద సముద్రంలో కలిసినప్పుడు ఎర్రనీరు చాలా దూరం పరచుకుంటుంది. అడుగు సంగతి అటుంచి, నీటిలో ముంచిన చేయి కూడా కనిపించదు. ఆ నీటిలోని మట్టి రేణువులే సూర్యకాంతిని వెనుకకు పంపుతాయి. ఉపగ్రహానికి ఆ నీరు వెలుగుతూ కనిపిస్తుంది. వెలుగు ఎక్కువ కనుక ఇక్కడ లోతు తక్కువ అని సూత్రం తీర్పు చెబుతుంది. పది మీటర్ల లోతున్న చోట రెండు మీటర్లని చూపినా చూపుతుంది. పటం మాత్రం ఎంతో అందంగా, రంగురంగులుగా వస్తుంది! ప్రమాదం అందులోనే ఉన్నది. తెల్లగా వదలివేసిన ఖాళీని చూచిన ఇంజనీరు జాగ్రత్తపడతాడు. తప్పుడు రంగు నింపిన పటాన్ని చూచినవాడు నమ్ముతాడు.

అంటే నిర్మల జలాలు గల దీవులలో ఎంతో బాగా పనిచేసే పద్ధతి, లక్షలాది జనం సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున నివసించే కృష్ణా గోదావరి డెల్టాల వద్ద బలహీనపడుతున్నది. 1839లో కోరంగిని ముంచినదీ, 1977లో దివిసీమను ముంచినదీ ఈ బురద నీళ్ళలో నుంచి లేచిన ఉప్పెనలే. అవసరం ఎక్కువైన చోట ఉపగ్రహపు చూపు మందగించడం ఈ శాస్త్రానికి నేటికీ తీరని చిక్కు.

మార్గాలు లేకపోలేదు. వర్షాలు ముగిసి, నదులు సన్నగిల్లి, నీరు తేరుకునే నెలలలో తీసిన చిత్రాలను ఏరుకోవచ్చు. ఒక్క చిత్రాన్నే నమ్మక, అయిదు రోజులకొకటి చొప్పున వచ్చే చిత్రాలలో ప్రతి చుక్కకూ నీరు అత్యంత నిర్మలంగా ఉన్న రోజును ఎన్నుకుని కూర్చవచ్చు. 2018 సెప్టెంబరు 15న నాసా పంపిన ఐస్‌శాట్-2 ఉపగ్రహం మంచుగడ్డల ఎత్తును కొలవడానికి ఉద్దేశించినది. కాని దాని ఆకుపచ్చ లేజర్ కిరణం నిర్మల జలంలో అడుగు దాకా పోయి రాగలదని తెలిసిన తరువాత, ఓడ పోలేని దీవుల వద్ద 'తెలిసిన లోతు'లను అందించే పని కూడా దానికి వచ్చింది. బురద నీటిలో మాత్రం లేజరు కూడా కాంతియే. దానికీ దారి లేదు.

వెలుగును విడిచిపెట్టి అలలను చూచే పద్ధతి మరొకటి ఉన్నది. ఆంధ్ర తీరానికి దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవచ్చు. ఇది కొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో శత్రువుల అధీనంలో ఉన్న తీరాలకు ఓడలు పోలేనప్పుడు, విమానాల నుంచి తీసిన ఫోటోలలో అలల నడకను చూచి తీరపు లోతును అంచనా కట్టారు. దూర సముద్రం నుంచి వచ్చే పెద్ద అల లోతు తగ్గిన చోట అడుగు తగిలినట్లు మందగిస్తుంది. అల వచ్చే కాలవ్యవధి మారదు గనుక, వేగం తగ్గితే అలకూ అలకూ నడుమ దూరం తగ్గాలి. పన్నెండు సెకండ్లకొకటి వచ్చే అలల నడుమ దూరం లోతైన సముద్రంలో సుమారు 225 మీటర్లు. పది మీటర్ల లోతుకు వచ్చేసరికి అది 113 మీటర్లు, అయిదు మీటర్ల లోతున 82 మీటర్లు అవుతుంది. ఈ దూరాన్ని చిత్రం మీద కొలిస్తే చాలు, లోతు తెలుస్తుంది. నీరు ఎర్రగా ఉన్నా, నల్లగా ఉన్నా అలకు పట్టింపు లేదు. పైన ఉన్న మేఘాలను కూడా దాటి చూడగల రాడార్ చిత్రాలతోనూ ఈ పని చేయవచ్చు.

దీనికీ హద్దులు ఉన్నాయి. హోప్ ఐలండ్ చాటున ఉన్న కాకినాడ అఖాతంలో పెద్ద అలలే ఉండవు. అక్కడ ఈ పద్ధతి నిరుపయోగం. పైగా అల తన నిడివి అంతటి మేర లోతుకు సగటు మాత్రమే చెప్పగలదు. ఇరుకైన కాలువను, చిన్న ఇసుక మేటను అది చూపలేదు. ఉప్పెన లెక్కకు ఆ సగటు కొంతవరకు చాలు. రేవుకు వచ్చే మరపడవ సరంగుకు చాలదు. వెలుగు పద్ధతిలో కూడా అనుకూల పరిస్థితులలోనే సుమారు మీటరు అటూ ఇటూ తేడా ఉంటుంది. మూడు మీటర్ల లోతును నమ్ముకుని వచ్చే పడవకు మీటరు తేడా అంటే ప్రాణ సంకటమే. అందుకే ఉపగ్రహం నుంచి రాబట్టిన లోతును నౌకాపటంలో చేర్చినప్పుడు, అది ఏ విధంగా వచ్చిందో, ఎంతవరకు నమ్మదగినదో విడిగా తెలపాలి.

మీలో భూగోళశాస్త్రమో, భౌతికశాస్త్రమో చదువుతున్నవారు ఈ పనిని చేసి చూడదలిస్తే ఓడ అక్కరలేదు, ఉపగ్రహమూ అక్కరలేదు. చిత్రాలు ఉచితం. గణితం చదివినదే. దొరకనివి తెలిసిన లోతులే. వాటి కోసం నౌకాపటాన్ని సంపాదించాలి. ఆ పటంలోని లోతులు ఏ సంవత్సరంలో కొలిచినవో దాని మూలనే వ్రాసి ఉంటుంది. దానిని ముందుగా చదవాలి. గోదావరి ముఖద్వారం వంటి చోట ఇరవై ఏళ్ళ నాటి అంకెకూ నేటి అడుగుకూ పొంతన లేకపోవచ్చు. చివరిగా, నౌకాపటంలోని లోతు ఆటు నాటి కనిష్ఠ మట్టం నుంచి కొలిచినది. ఉపగ్రహం వచ్చిన క్షణాన సముద్రం ఆ మట్టంలోనే ఉండాలన్న నియమం లేదు. కాబట్టి విశాఖ తీరపు చిత్రమైతే, అది తీసిన రోజునూ గంటనూ గుర్తించి, ఆ వేళకు విశాఖపట్నం రేవులో పోటు ఎంత లేచి ఉన్నదో ఆటుపోట్ల పట్టికలో చూచి, ఆ మేరకు తీసివేసిన తరువాతనే పటం మీద లోతు వ్రాయాలి.